పిట్ట చేసిన చప్పుళ్లు

"మీ అమ్మాయి ఏం చేస్తుందండీ?" అని ఎవరైనా అడిగితే బస్సు డ్రైవరుగారికి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయ్యేది. సినిమాల్లో పని అంటే, "అయితే ఎందులో కనిపిస్తుంది?" అంటారు. కనిపించదు, వినిపిస్తుంది అంటే, "ఓ, పాడుతుందా?" అంటారు. పాడదు. చప్పుళ్లు చేస్తుంది. తెరమీద ఎవరో నడుస్తుంటే, స్టూడియోలో చెప్పులు తొడుక్కుని ఆ నడక చప్పుడు తను చేస్తుంది. తలుపు కిర్రుమనడం, దుప్పటి దులపడం, బల్లమీద గ్లాసు పెట్టడం, అన్నీ ఆమె చేతులమీదుగానే. ఇంత చెప్పాక అవతలివాళ్లు "ఓహో" అంటారు. ఆ "ఓహో" ఎంత ఖాళీదో ఆయనకు తెలుసు.

మాటలు రాకముందే కీచుమనే కుర్చీనీ, కారే కుళాయినీ అనుకరించేది కాబట్టి ఇంట్లో ఆమె పేరు పిట్ట. ఆ పిట్ట పనిచేసిన సినిమా డిస్కు ఇంటికొచ్చిన రోజు డ్రైవరుగారు పక్కింటి పోస్టుమాస్టరుగారిని పిలిచి మరీ కూర్చోబెట్టారు. టీవీలో వాన కాగితం నలిపినట్టు వినిపించింది. నడకలు అసలు వినిపించనే లేదు.

"బొమ్మ బాగుంది బావగారూ. ఇంతకీ అమ్మాయి చేసిన చప్పుడేదీ?" అన్నారు పోస్టుమాస్టరుగారు, పాపం, మంచి మనసుతోనే.

డ్రైవరుగారి ముఖం మాడిపోయింది. దానికి తోడు టీవీకి తీగలు గుచ్చే గుంటలు రెండే, ఇంట్లో ఉన్నవి నాలుగు పెట్టెలు. ఛానెళ్ల పెట్టె, డిస్కు ప్లేయరు, పెద్దాడి వీడియో ఆటల పెట్టె, పిల్లలు పాకేటప్పుడు వాళ్ల మేనమామ తీసిన వీడియో టేపులు చూసుకునే పాత టేపు ప్లేయరు. ఒకటి చూడాలంటే ఒకటి పీకాలి. పీకి పీకి ఒక గుంట వదులైపోయింది కూడా.

ఫోను చేస్తే పెద్దాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "రిసీవర్ కావాలి నాన్నా. పెట్టెలన్నీ దానికి తగిలించు. దాన్నుంచి టీవీకి ఒక్క తీగ వెళ్తుంది. చప్పుడు స్పీకర్లలోకి పోతుంది. నీ బస్టాండు లాంటిదనుకో."

బస్టాండు అనేసరికి ఆయనకు విషయం ఇట్టే బోధపడింది.

బట్టలు కుట్టే ఆయన భార్యకు మాత్రం కొలత లేనిదే కత్తెర ముట్టుకునే అలవాటు లేదు. టీవీ కింద అర పొడవూ లోతూ ఎత్తూ టేపుతో కొలిచి, "పైన గాలాడాలట, బెత్తెడు వదలాలి" అంది. టేపు ప్లేయరును పాత చీరలో చుట్టి సంచిలో పెట్టింది.

"దాన్నెందుకే మోసుకురావడం?"

"పెళ్లికొడుకుని చూడకుండా పెళ్లి చేస్తామా?"

టీవీల షాపు యజమాని వాళ్లని చూడగానే అన్నిటికన్నా పెద్ద రిసీవరు దగ్గరికి తీసుకెళ్లాడు. తొమ్మిది స్పీకర్లకు సరిపోతుందట, హాలు దద్దరిల్లుతుందట.

"మాది హాలు కాదు బాబూ, గది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకు?" అంది ఆవిడ. టేపు చాపి, "అరలో పట్టదు కూడా" అని ముందుకు నడిచింది.

రెండోది అరలో పడుతుంది. కొత్త రకం గుంటలు మూడున్నాయి. మన కొత్త పెట్టెలూ మూడే కదా, సరిపోయిందన్నారు డ్రైవరుగారు.

"రేపు ఇంకోటి వస్తే? పెరిగే పిల్లకి గౌను కుడితే కుట్టులో గుడ్డ వదలమూ?"

మూడోదానికి అలాంటివి నాలుగున్నాయి, పాత టేపు ప్లేయరుకు పనికొచ్చే పసుపు, ఎరుపు, తెలుపు గుంటలూ ఉన్నాయి. తగిలించి చూస్తే పాప ఏడుపు వినిపించింది గాని తెర నల్లగానే ఉండిపోయింది. యజమాని పుస్తకం తిరగేసి, పాత తీగలో వచ్చిన బొమ్మని ఇది కొత్త తీగలోకి మార్చదని ఒప్పుకున్నాడు. "మారుస్తుందనే అనుకున్నానమ్మా. మీరు తీసుకొచ్చి మంచి పని చేశారు" అని, లోపల్నుంచి మరొకటి తెచ్చాడు. చూడ్డానికి సాదాగా ఉంది. తగిలించగానే తెరమీద పిట్ట పాకుతూ వచ్చి కెమెరాను నాకింది. ఆవిడ పమిటతో నోరు కప్పుకుని నవ్వింది.

"ఇక నా వంతు" అని డ్రైవరుగారు చొక్కా జేబులోంచి డిస్కు తీశారు.

అద్దాల గదిలో కూర్చోబెట్టి యజమాని ఆ దృశ్యం పెట్టాడు. పని ముగించుకున్న కాపలాదారు ఒకడు తడిసిన మెట్లెక్కి ఇంటికొస్తుంటాడు. వాన ఈసారి నిజంగా కురిసింది. ముందు చూరు గొట్టంలోంచి ధారగా, తర్వాత రేకుమీద టపటపా. అంతలో కాపలాదారు మలుపు తిరిగి తెర దాటగానే వెనకనుంచి అతని అడుగులు. డ్రైవరుగారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. ఎవరూ లేరు. గది బయట బేరమాడుతున్నవాళ్లు కూడా మాట ఆపి చూస్తున్నారు. కుడి అడుగు నిండుగా పడుతోంది, ఎడమ మడమ మాత్రం కాస్త ఈడ్చుకుంటూ వస్తోంది.

ఆవిడ భర్త మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏవండీ, ఇవి మీ అడుగులు."

"ఊరుకోవే."

"ఇన్నేళ్లు విన్నదాన్ని, నాకు తెలీదా? క్లచ్చి తొక్కి తొక్కి బిగుసుకుపోయిన కాలు కాదూ అది?"

ఆయన మరోసారి పెట్టమన్నారు. మళ్లీ విన్నారు.

"ఎంత బాగా తీశారు సార్" అన్నాడు యజమాని. "ఎవరో నిజంగా వెనక నడుస్తున్నట్టుంది."

"మా అమ్మాయి చేసింది" అన్నారు డ్రైవరుగారు. ఈసారి ఎవరూ "ఓహో" అనలేదు. బయటున్నవాళ్లలో ఒకావిడ లోపలికొచ్చి, "మళ్లీ పెట్టరూ, నేనూ వింటాను" అంది.

ఆ రిసీవరే స్పీకర్లతో సహా ఇంటికొచ్చింది. డ్రైవరుగారు ప్రతి తీగకూ రంగు దారం కట్టి, ఎవరి పెట్టె ఏ గుంటలోకో తేల్చేసుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం పిట్ట వచ్చింది. గదిలో నాలుగు మూలలా స్పీకర్లు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదంతా ఎవరికోసం నాన్నా?"

"నీకోసమే. ఆ మెట్లెక్కేది నేనేనా?"

పిట్ట చెవులదాకా ఎర్రబడింది. "కనిపెట్టేశావా! అలిసిపోయి ఇంటికొచ్చే మనిషి నడక కావాలన్నారు. ఎన్ని చెప్పులు మార్చినా కుదర్లేదు. చిన్నప్పుడు నేనూ అన్నయ్యా పక్కమీద పడుకుని మెట్లమీద నీ అడుగులు వినేవాళ్లం. ఆ అడుగుల్ని బట్టే నీ అలసటెంతో చెప్పేసేవాళ్లం. కళ్లు మూసుకుని అలాగే నడిచాను. మొదటిసారికే సరే అన్నారు."

డ్రైవరుగారు ఆమె తలమీద చెయ్యి వేశారు.

సాయంత్రానికి గది నిండిపోయింది. పోస్టుమాస్టరుగారు కుటుంబంతో సహా వచ్చారు. కాపలాదారు మెట్లెక్కుతుంటే చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. అడుగులు వెనకనుంచి రాగానే పోస్టుమాస్టరుగారు తిరిగి చూశారు.

"అడుగులు నావి. పని మా అమ్మాయిది" అన్నారు డ్రైవరుగారు, ఛాతీ విరుచుకుని.

సినిమా అయిపోయింది. పేర్లు గబగబా పైకి పోతుంటే అందరూ లేవబోయారు. "కూర్చోండి, కూర్చోండి" అంటూ ఆయన మీట నొక్కారు. తెర ఆగింది. పిట్ట అసలు పేరు సరిగ్గా మధ్యలో నిలిచింది.

"నాన్నా, చాల్లే" అంది పిట్ట.

"నువ్వుండు. పోస్టుమాస్టరుగారు ఇంకా కళ్లద్దాలు పెట్టుకోలేదు."