తుండుగుడ్డ కింద ముప్పావలా

కుప్పం నుంచి మదనపల్లె దాకా మునెయ్యను మోసం చేయగల మగాడు పుట్టలేదు. రామకుప్పం పక్కన మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచే మనిషి. సంతలో దళారులు తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరమాడుతుంటే, దూరాన నిలబడి గుడ్డ ముడతలు చూసి ధర చెప్పేసేవాడు. గుడ్డ మీద ఈగ వాలితే అది ఏ వేలి మీద వాలిందో కూడా చెప్పేవాడని పుంగనూరు సంతలో ప్రతీతి.

అంతటివాడికి ఎనభై మూడులో మదనపల్లె పట్టు కంపెనీ ఒకటి టోపీ పెట్టింది. రైతుల పట్టుగూళ్లు అరువుకు కొని, దారం తీసి అమ్ముకుని, ఆఖరికి చేతులెత్తేసింది. ఆ డబ్బు వస్తేనే, అడవి ఏనుగులు వచ్చి తొక్కేసిన పురుగుల షెడ్డును మునెయ్య మళ్లీ లేపగలడు. రాకపోతే తోట దున్నేసి కూలికి పోవలసిందే.

కంపెనీని మూయించి ఆస్తులు అమ్మించమని, దానికి అప్పిచ్చిన బ్యాంకువాళ్లు హైదరాబాదు హైకోర్టుకు పోయారు. "మూయొద్దు, నడుపుకుంటూ రైతుల బాకీలో సగం తీరుస్తాం" అని కంపెనీ మొరపెట్టుకుంది. బాకీ రావలసినవాళ్లనే అడగండని కోర్టు మదనపల్లెలో మీటింగు పెట్టించింది. మొత్తం బాకీలో ముప్పాతిక వంతు గలవాళ్లు సరేనంటే ఒప్పందం. లేదంటే మూతే.

మీటింగుకు పోతూ మునెయ్య పుంగనూరులో బస్సు మారాడు. టీ బంకు వెనక ఫకీర్ సాహెబ్ కనిపించాడు. కుప్పం వైపు గూళ్లన్నీ కంపెనీకి కుదిర్చిన దళారి ఆయనే, మునెయ్యకు పాత నేస్తం కూడా. కంపెనీ ఆయనకూ బాకీ. ఆయన చేయి తుండుగుడ్డ కింద ఉంది. అదే గుడ్డ కింద కంపెనీ మేనేజరు చేయి! గుడ్డ కదిలింది. మూడు వేళ్లు. రూపాయి బాకీకి మూడు పావలాలు.

'ఊరందరికీ అర్ధరూపాయి, ఈయనకు ముప్పావలానా?' మునెయ్య గుండెలో ముల్లు దిగింది.

మదనపల్లె బస్సులో సాహెబ్ పక్కనే కూర్చుని కదిపి చూశాడు. "ఏంది సాహెబూ, పొద్దున్నే బేరమా?"

"బేరమేనబ్బా. కుదిరినాక సెప్తా. ముందే నోరిడిస్తే సెడిపోతాది."

"ఎవురి బేరమో?"

"అందరిదీ" అని నవ్వి, సాహెబ్ ఇద్దరికీ టికెట్ తీశాడు. జన్మలో ఇంకొకరికి టికెట్ తీయని మనిషి! అనుమానానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మీటింగులో కోర్టు పంపిన వకీలు పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. మేనేజరు లేచి గొంతు సవరించుకుంటుండగానే మునెయ్య అరిచాడు.

"అయ్యా, ఈ సాహెబు మనల్ని అమ్మేసినాడు! గుడ్డ కింద ముప్పావలాకు ఒప్పుకున్నాడు. నా కండ్లతో సూసినా!"

"ఒప్పుకున్నా!" సాహెబ్ లేచాడు. "అందరికీ ముప్పావలా! సగం సాలదని ఆయన ఏళ్లు ఇరిసినంత పని సేసి పెంచినా. ఇప్పుడు ఆ మాటే సెప్పబోతాండాడు, అడగండి."

మేనేజరు అవునన్నాడు. ఎవరు నమ్ముతారు?

"దొరికిపోయినాక అందరికీ అంటాండావు. దొరక్కపోయింటే?" అన్నాడు మునెయ్య.

"గుడ్డ కింద యాల? మా ముందర అడిగితే నోరు పడిపోతాదా?" అంది వెనక నుంచి నాగమ్మ అనే ఇంకో రైతు. ఆమె గూళ్ల బాకీ కూడా తక్కువేం కాదు.

"మీ ఎద్దుల్ని గుడ్డ కిందే కదమ్మా అమ్ముతారు? నేనూ అట్లే అడిగినా!" అన్నాడు సాహెబ్.

కుప్పం వైపు రైతులంతా వద్దన్నారు. ముప్పాతిక నిండలేదు. బాకీ రావలసినవాళ్లు ఒప్పుకోని ఒప్పందాన్ని వాళ్ల మీద రుద్దలేమని హైకోర్టు కంపెనీని మూయించింది. బాయిలరు, యంత్రాలు అమ్మితే వచ్చిందంతా తాకట్టు పెట్టుకున్న బ్యాంకుకూ, కూలీల జీతాలకూ పోయింది. రైతులకు దుమ్ము మిగిలింది.

మునెయ్యను మోసం చేయగల మగాడు పుట్టలేదని కదూ మొదట చెప్పింది? పుట్టాడు. వాళ్లమ్మ కడుపునే పుట్టాడు, పేరు కూడా మునెయ్యే. వేళ్లు సరిగ్గానే లెక్కపెట్టాడు పాపం, మనిషి దగ్గరే లెక్క తప్పాడు.

తోట దున్నేసిన వారం అతను పుంగనూరు టీ బంకు దగ్గరికి వెళ్లి సాహెబ్ ఎదుట నిలబడ్డాడు. సాహెబ్ తన టీలో సగం సాసరులో పోసి, "తాగబ్బా, సల్లారిపోతాది" అంటూ ముందుకు జరిపాడు.

ఆ సాసరులో టీ పోసింది సాహెబ్ కాదు, కథ తియ్యగా ముగియాలని ఈ కథ చెప్పేవాడే కల్పించి పోశాడు. నిజానికి ఆ రోజు సాహెబ్ మునెయ్యను చూసి, సగం తాగిన గ్లాసు బల్ల మీద వదిలేసి వెళ్లిపోయాడు.