గడప దాటకూడని పదవి

బేబీ ఫోన్ మధ్యాహ్నం వచ్చింది.

"మేడమోళ్ళు సాయంత్రం ఫ్లైటెక్కుతున్నారు. రేపు పొద్దుటిదాకా నాకు సెలవే. పక్కింట్లో పనిచేసే మాలతక్క తన గది ఇస్తానంది. వత్తావా?"

సూరిబాబు గుండె గంతేసింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దుబాయ్‌లోనే ఉన్నారని ఊళ్ళో జనం కుళ్ళుకుంటారు. నిజానికి అతనేమో దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో, ఆమేమో అబూదాబీలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని ఓ వంటింట్లో. ఆమెను కళ్ళారా చూసి రంజాన్ పోయి రంజాన్ వచ్చింది.

కానీ సూరిబాబు ట్రిబ్యూన్.

ఆ ఫ్లాటులో ఎనిమిది మంది. కాకినాడలో గ్రూప్స్ కోచింగ్‌లో చరిత్ర చెప్పి వచ్చిన శ్యాంప్రసాద్, రోజూ తగువులు పడలేక, పాత రోమ్ పద్ధతిని అక్కడ దించాడు. పెత్తనానికి ఇద్దరు కాన్సుల్స్. వాళ్ళు బలహీనుడి మీద పడితే అడ్డుకోవడానికి ఒక ట్రిబ్యూన్. అతను "ఆపు" అంటే ఎంతటివాడైనా ఆగాల్సిందే. కాకపోతే ఎదుట నిలబడి అనాలి, ఫోన్‌లో చెల్లదు. అందుకే ట్రిబ్యూన్ రాత్రిపూట ఊరు దాటకూడదు, తలుపు మూయకూడదు. రోమ్‌లోనూ అంతేనట.

చొక్కా తొడుక్కుంటుంటే కాన్సుల్ తబ్రేజ్ చూశాడు.

"ఏందన్నా, సెంటు గుబాళిస్తోంది?"

"అబూదాబీ పోతన్నా."

"పో, పో! వదినకు సలాం చెప్పు." వెంటనే ఫోన్ తీసి గొంతు తగ్గించాడు. "యల్లా, సామాన్ లేకే ఆజా," అన్నాడు, సామాన్లతో వచ్చేయమని.

సూరిబాబు చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది. తబ్రేజ్ బావమరిదికి మంచం కావాలి. వాడి కన్నేమో అబ్బులు మంచం మీద ఉంది. నడుం పట్టేసి పని పోగొట్టుకున్న అబ్బులును, వారంగా "ఆపు" అంటూ కాస్తున్నది సూరిబాబే. ఆ సంగతి రోజూ ఫోన్‌లో బేబీకి చెబుతూనే ఉన్నాడు. తను గడప దాటితే అబ్బులు పెట్టె వరండాలో ఉంటుంది.

ఫోన్ మోగింది. బేబీ. "బయల్దేరావా?"

"వత్తన్నా," అనేశాడు. అన్నాక దారి తోచింది.

"మాస్టారూ, సభ పెట్టండి. నేను దిగిపోతన్నా. నా చోట అబ్బులు."

"వాడా?" తబ్రేజ్ పగలబడి నవ్వాడు. "లేచి నిలబడలేడు!"

"నోరు బాగానే ఉందిగా," అన్నాడు శ్యాంప్రసాద్.

కానీ అందరూ డ్యూటీ దిగి వచ్చేదాకా సభ కూడలేదు. సూరిబాబు బస్సుల టైము చూసుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. చివరికి ఐదు చేతులు లేచాయి. అబ్బులు మంచం మీంచే తల తిప్పి, కొత్త పదవిని వాడి చూశాడు.

"ఆపు, తబ్రేజ్ భాయ్."

గది గొల్లున నవ్వింది. సూరిబాబు అప్పటికే మెట్లమీద ఉన్నాడు.

బస్సు సగం దారిలో ఉండగా మెసేజ్ వచ్చింది. ఫ్లైట్ క్యాన్సిల్. మేడమోళ్ళు వెనక్కి వచ్చేశారు.

అయినా వెళ్ళాడు. బేబీ చెత్త సంచీ వంకతో గేటు దాకా వచ్చింది. చువ్వల మధ్య నుంచి అతని వేళ్ళు పట్టుకుంది. చేతికి ఉల్లిపాయ వాసన.

"అబ్బులు మంచం?"

"నిలబడింది."

"నీ పదవి?"

"పోయింది. ఇంక ఏ రాత్రి రమ్మన్నా వత్తాను."

"ఏ రాత్రి రమ్మనమంటావయ్యా?"

లోపల్నుంచి పిలుపు. ఆమె వేళ్ళు జారిపోయాయి.

తిరుగు బస్సు ఇంకా ఉంది. సూరిబాబు మాత్రం ఎదుటి ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. వంటింటి కిటికీలో ఆమె నీడ అటూ ఇటూ తిరుగుతోంది.