నడిస్తేనే జవాబు

ఆత్మకూరుకు ఇవతల ఉన్న మా చిన్న హైస్కూల్లో క్విజ్ జట్టును తయారుచేసే పని ప్రతి ఏడూ సోషల్ టీచర్ నెత్తినే పడుతుంది. అంటే నా నెత్తిన. పేరు పద్మజ. కోపం కొంచెం ఎక్కువ, ఓపిక బొత్తిగా తక్కువ. ఈ ఏడు ముగ్గురిని తీసుకున్నాను. పదో తరగతి మంజుల కెప్టెన్. తొమ్మిదో తరగతి శ్రీవాణి, అనిల్ ఆమెకు తోడు. ముగ్గురిదీ కంచెగుట్ట అనే పక్క పల్లె. దానికి బస్సు లేదు, ఆటో రాదు. పొలాల మధ్య మట్టిబాట మీద నాలుగు కిలోమీటర్లు నడిచి బడికి వస్తారు.

పోటీ వనపర్తిలో. గెలిచిన జట్టుకు కప్పుతోపాటు మూడు సైకిళ్ళు ఇస్తారని తెలియగానే మంజుల నా వెంట పడింది. కప్పు గురించి ఒక్క మాట అడగలేదు. సైకిలు రంగు కూడా అడగలేదు.

"దానికి లైటు ఉంటదా టీచర్?" అంది.

ఎందుకడిగిందో నాకు తెలుసు. పదో తరగతికి సాయంత్రాలు స్పెషల్ క్లాసులు మొదలయ్యాయి. మంజులకు లెక్కలంటే జ్వరం. ఆ క్లాసులు లేకుండా గట్టెక్కే సూచనలేవీ నాకు కనిపించలేదు. కానీ అవి అయ్యేసరికి చీకటి పడుతుంది. శ్రీవాణి, అనిల్ అప్పటికే ఇంటికి వెళ్ళిపోతారు. మంజులను క్లాసులకు పంపించమని అడగడానికి కంచెగుట్టకు పోయాను. మంజుల వాళ్ళ నాన్న భీమయ్య కౌలుకు తీసుకున్న వేరుశనగ చేలో కలుపు తీస్తూనే నా మాటంతా విన్నాడు.

"సదువొద్దని నేనంటలేను టీచర్. చీకట్ల గా తొవ్వల ఒక్క పిల్ల ఎట్లొస్తది? సైకిలన్న ఉంటె పావుగంటల వచ్చి పడ్తది. నడిచైతె నేను పంప."

వాదిద్దామని నోరు తెరిచాను గానీ ఆయన మాటలో నాకు తప్పు దొరకలేదు. కాబట్టి సైకిలు కావాలి. సైకిలు కావాలంటే గెలవాలి.

గెలవడం మాట దేవుడెరుగు. స్టాఫ్‌రూంలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే ముగ్గురూ బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయారు.

"కృష్ణా నది ఏడ పుట్టింది?"

బల్ల కింద మంజుల కాళ్ళు మాత్రం ఊగుతున్నాయి.

"రోజూ తాగేది ఆ నీళ్ళేగదనే! పుట్టింది ఏడనో తెల్వదా?" అని అరిచాను. కిటికీ దగ్గర నిలబడ్డ పిల్లలు పారిపోయారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే, భీమయ్యను ఇంకోసారి బతిమాలి చూద్దామని స్కూటీ తీసుకుని బయల్దేరాను. సగం దారిలో ఈ ముగ్గురూ ఎదురొచ్చారు. ఇరుకు బాట కదా, ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. ముందు మంజుల గొంతెత్తి అడుగుతోంది, వెనక ఇద్దరూ అరిచి చెబుతున్నారు.

"కృష్ణ?"

"మహాబలేశ్వరం!"

"గోదావరి?"

"త్ర్యంబకం!"

"కావేరి?"

"తలకావేరి!"

నేను స్కూటీ ఆపి నోరు వెళ్ళబెట్టాను. నన్ను చూడగానే ముగ్గురూ ఆగిపోయారు. ఆగగానే జవాబులూ ఆగిపోయాయి. అప్పుడు శ్రీవాణి అసలు సంగతి చెప్పింది.

"ఇంట్ల సదువుదమంటె పనులు చెప్తరు టీచర్. అందుకని సదువుడంత తొవ్వలనే. ట్రాన్స్‌ఫార్మర్ కాడ నదులు, కల్వర్టు మీద రాజ్యాంగం, కోళ్ళ ఫారం కాడ సరస్సులు. నడుస్తుంటె అన్నీ యాదికొస్తయి. కూసుంటె ఒక్కటి రాదు."

కోళ్ళ ఫారం దగ్గర ముక్కు మూసుకోవాలి కాబట్టి అక్కడ ఒక్క మాట జవాబులే పెట్టుకున్నారట. నాకు నవ్వు ఆగలేదు.

"మరి ఎల్లన్న పశువుల కొట్టం కాడ ఏం పెట్టుకున్నరు?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆడ గ్రహాలు పెట్టుకున్నం టీచర్," అన్నాడు అనిల్. "గని ఆడ కుక్క ఉంటది. సదువుడు తక్వ, ఉరుకుడు ఎక్వ."

ఆ రోజు నుంచి స్టాఫ్‌రూం మానేసి, బడి మైదానం చుట్టూ తిప్పడం మొదలుపెట్టాను. వాళ్ళ వెనక నేను, నా వెనక ఒకటో రెండో మేకలు. లెక్కల సారు నిరంజన్ వరండాలో నిలబడి, "మేడం, క్విజ్‌కా? జాతరకా?" అని అడిగాడు. ఆయనకు జవాబు చెప్పే తీరిక నాకు లేదు.

వనపర్తిలో పెద్ద హాలు, పెద్ద స్టేజీ. ఫైనల్‌కు నాలుగు జట్లు వచ్చాయి. అందరికంటే భయపెట్టింది టైలు కట్టుకున్న ఒక ప్రైవేటు బడి జట్టు. వాళ్ళ తలలు దువ్విన తీరు చూస్తేనే జవాబులన్నీ వచ్చినట్టున్నాయి. ప్రశ్నలడిగేది జగదీశ్ అనే కాలేజీ లెక్చరర్.

"ప్రపంచంలో అన్నిటికంటే లోతైన సరస్సు ఏది?"

మంజుల బజర్ నొక్కింది. నొక్కి, లేచి, కుర్చీల వెనక నడవడం మొదలుపెట్టింది. శ్రీవాణి, అనిల్ అలవాటు ప్రకారం ఆమె వెనక వరుస కట్టారు.

"ఏమ్మా, ఎటు పోతున్నరు?" అన్నాడు జగదీశ్ సార్ కంగారుగా.

మంజుల ముక్కు మూసుకుంది. "బైకాల్!"

హాలు గొల్లుమంది. సార్ మైకు పక్కకు పెట్టి నిర్వాహకులతో గుసగుసలాడాడు. నేను ఊరుకుంటానా? లేచి నిలబడ్డాను.

"సార్, నడవొద్దని మీ రూల్స్‌ల ఉందా?"

ఆయన కాగితం తిరగేసి మరగేసి చూశాడు. కూర్చునే చెప్పాలని ఎవరూ రాయలేదు. రాయాల్సి వస్తుందని ఎవరనుకుంటారు?

ఇక చూడాలి నా పిల్లల్ని. స్టేజీ మీద ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి. రాజ్యాంగం ప్రశ్న వస్తే కల్వర్టు ఎక్కినట్టు కాళ్ళెత్తి నడిచారు. నీళ్ళ సీసా ఒకటి పడిపోయింది. చివరి ప్రశ్న వచ్చేసరికి మేము, టైల జట్టు సమానంగా ఉన్నాం. చప్పట్లు కొట్టి కొట్టి నా అరచేతులు ఎర్రబడ్డాయి.

"చివరి ప్రశ్న. ఒక గ్రహం మీద సంవత్సరం కంటే రోజే పెద్దది. ఏది ఆ గ్రహం? సమయం పదిహేను సెకన్లు."

బజర్ మాదే మోగింది. మంజుల గబగబా నడిచింది. సగంలో ఆగింది. వెనక్కి నడిచింది. మళ్ళీ ఆగింది. మొహం తెల్లబోయి నా వైపు చూసింది.

"టీచర్, ఇది కుక్క కాడిది!"

సైకిలు, లైటు, స్పెషల్ క్లాసు, అన్నీ ఎల్లన్న కొట్టం దగ్గర ఇరుక్కుపోయాయి.

"అయితె ఉరుకు!" అని కేక పెట్టాను.

"మేడం! సాయం చేయొద్దు!"

"జవాబు చెప్పలేదు సార్, ఉరకమన్న!"

మంజుల స్టేజీ మీద నుంచి దూకింది. శ్రీవాణి దూకింది. అనిల్ కూడా దూకాడు. కుర్చీల మధ్య దారిలో పరుగు. కానీ మంజుల పరుగులో ఊపు లేదు, ఉత్త పరుగు అది. అది నాకూ తెలుస్తోంది, వెనక ఉన్న అనిల్‌కూ తెలిసింది. వాడు ఒక్క క్షణం కూడా సిగ్గుపడలేదు.

"భౌ! భౌ భౌ!"

మంజుల ఉలిక్కిపడి చెప్పులు వదిలేసి ఉరికింది. హాలు చివరి తలుపు దగ్గర రెండు చేతులూ పైకెత్తి, ప్రాణభయంతో అరిచినట్టు అరిచింది.

"శుక్రుడు!"

టైము చూసే ఆవిడ గడియారం పైకెత్తి చూపించింది. ఇంకా సమయం ఉంది. జగదీశ్ సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కరెక్ట్," అన్నాడు. ఆయన భుజాలు నవ్వుతో ఎగిరెగిరి పడుతున్నాయి. టైల జట్టు పిల్లలు కూడా భౌ భౌ అని అరుస్తూ గెంతుతున్నారు. నేను కుర్చీ మీదకెక్కి ఈల వేశాను. ఈల వేయడం నాకు వస్తుందని అప్పటిదాకా నాకే తెలియదు.

సైకిళ్ళకు లైట్లు ఉన్నాయి.

సోమవారం పొద్దున గేటు దగ్గర నిలబడి చూస్తే, ముగ్గురూ సైకిళ్ళను చేత్తో నడిపించుకుంటూ, గొంతెత్తి అరుచుకుంటూ వస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"సైకిలిచ్చింది తొక్కనీకా, తోముకొని బొట్టు పెట్టనీకా?"

"వచ్చేటప్పుడు సదువుకోవాలె గద టీచర్," అంది మంజుల. "పొయ్యేటప్పుడు తొక్కుత. నాయిన క్లాసుకు ఉండుమన్నడు."

ఆ సాయంత్రం నాకేం పని లేకపోయినా పదో తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాను. బయట పొద్దు గుంకుతోంది. నిరంజన్ సార్ బోర్డు మీద ఒక లెక్క వేసి, "దీని సూత్రం ఎవరు చెప్తరు?" అన్నాడు. చివరి బెంచీలో మంజుల లేచి నిలబడింది. బెంచీల మధ్యకు వచ్చి, పెదవులు కదుపుతూ మెల్లగా నడవడం మొదలుపెట్టింది. నిరంజన్ సార్ సుద్దముక్క కింద పెట్టి నా వైపు చూశాడు. ఆపొద్దని నేను సైగ చేశాను. రెండు వైపులా పిల్లలు కాళ్ళు వెనక్కి తీసుకుని ఆమెకు దారి ఇచ్చారు.