బడికి అప్పగించిన పిల్ల

అమెరికాలోని ఫ్రీమాంట్‌లో ఆ చార్టర్ స్కూల్లో సీటు రావాలంటే లాటరీ తగలాలి. మాటవరసకి అనడం కాదు, నిజంగానే చీట్లు తీస్తారు. ప్రభుత్వ సొమ్ముతో ఓ ప్రైవేటు సంస్థ నడిపే బడి అది. ఫీజు లేదు, క్రమశిక్షణ మాత్రం దండిగా ఉంది. కూతురు మేధ పేరు లాటరీలో వచ్చిన రోజు జగదీష్ ఆఫీసంతా స్వీట్లు పంచాడు.

చేర్పించేటప్పుడు ప్రిన్సిపాల్‌తో ఓ మాట కూడా అన్నాడు. మన ఊళ్ళలో తండ్రులు మాస్టారితో అనే మాటే, కాకపోతే ఇంగ్లీషులో అన్నాడు. "ఇకనుంచి మా అమ్మాయి మీ అమ్మాయే. మీరెంత స్ట్రిక్ట్‌గా ఉన్నా మేం అడగం." ఆవిడ సంతోషంగా చేయి కలిపింది.

మేధ అల్లరి పిల్లేం కాదు. నవ్వొస్తే ఆపుకోలేదు, అంతే. ఆ బడి వరండాలో గీత మీదే నడవాలి, నోరు మెదపకూడదు. మేధ నవ్వినప్పుడల్లా ఓ డీమెరిట్ మార్కు పడేది. అవి పెరిగితే సాయంత్రం బడిలోనే ఆపేసేవారు, ఇంకా పెరిగితే సస్పెన్షన్.

"నవ్వితే సస్పెండ్ చేయడమేంటండీ? ఒకసారి వెళ్ళి మాట్లాడండి," అని తల్లి రాధారాణి ప్రాధేయపడేది.

"టీచర్లు ఏం చేసినా దాని మంచికే. నువ్వు వెనకేసుకొస్తే పాడైపోతుంది," అనేవాడు జగదీష్. ఎంత నమ్మకమో పాపం!

పదో తరగతి మధ్యలో ప్రిన్సిపాల్ పిలిచింది. మేధకు ఈ బడి సరిపడదనీ, మీ అంతట మీరే మాన్పిస్తే రికార్డులో మచ్చ ఉండదనీ మెత్తగా చెప్పింది. జగదీష్ థాంక్స్ చెప్పి మరీ సంతకం పెట్టాడు. పక్కన కూర్చున్న మేధ తండ్రి ముఖంకేసే చూస్తూ ఉంది.

తర్వాత వేసిన బడిలో ఆ పిల్ల ఎవరితోనూ కలవలేదు. నవ్వడం మానేసింది. క్లాసులు ఎగ్గొట్టడం మొదలుపెట్టి, పద్దెనిమిదేళ్ళు నిండగానే చదువే మానేసింది.

2013 జూన్‌లో ఆ చార్టర్ స్కూల్ గోడకు బ్యానర్ కట్టారు: 'మా సీనియర్లందరూ కాలేజీకే!' సీనియర్లంటే పన్నెండో తరగతి పిల్లలు. అబద్ధమేమీ కాదు. కానీ పాఠకులారా, ఆ 'అందరూ' అంటే చివరిదాకా మిగిలినవాళ్ళు. మధ్యలో సాగనంపిన పిల్లలు ఆ బడి లెక్కలోకి రారు.

ఆ బ్యానర్‌ని కారులోంచి చూసి సంబరపడినవాడు మేధ తాతగారు మల్లికార్జునరావు. తెనాలిలో హెడ్మాస్టరుగా రిటైరైన ఆయన మనవరాలి హైస్కూల్ గ్రాడ్యుయేషన్ చూడాలని ఆ పిల్లకి పట్టుచీర కొని మరీ తెచ్చాడు. ఆయనకెవరూ నిజం చెప్పలేదు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పక తప్పలేదు.

"మాస్టారికి అప్పగించాక అడ్డు రాకూడదని మీరే అనేవారు కదా నాన్నా," అన్నాడు జగదీష్.

"అన్నాన్రా. నాకూ ఎంతోమంది తండ్రులు పిల్లల్ని అలాగే అప్పగించారు. అప్పగించిన క్షణం నుంచి ఆ పిల్లాణ్ణి వదిలేసే హక్కు నాకు ఉండేది కాదు. తిట్టాను, కొట్టాను కూడా, ఎవర్నీ గుమ్మం మాత్రం దాటించలేదు. బడి పేరు కోసం పిల్లని గెంటేయడాన్ని క్రమశిక్షణ అనరు."

మేధ తలెత్తింది. "ఆ రోజు ప్రిన్సిపాల్ రూమ్‌లో వెయిట్ చేశాను తాతయ్యా. డాడీ నో చెప్తారు అనుకున్నా. ప్లీజ్, తనని ఉంచండి అని అడుగుతారు అనుకున్నా. ఒక్కసారి."

జగదీష్ చేతిలో ముద్ద నోటిదాకా రాలేదు. బిడ్డను బడికి అప్పగించినంత మాత్రాన బిడ్డ తరఫున అడగడం మానకూడదని అతనికి తెలిసింది, అడగాల్సిన రోజు దాటిపోయాక.