తొమ్మిదో గీత

మా అద్దె ఇంటి తలుపు మీద గోరు గీత పడినా యజమాని ఊరుకునేవాడు కాదు. అందుకే మా అమ్మాయి టిల్లీ ఎత్తును హార్క్‌బరీ గడీలో కొలిచేవాణ్ణి.

గడీ అంటే ఏముంది, మొండిగోడలు, సగం పూడిన అగడ్త, కప్పు ఎగిరిపోయిన వాకిలి గది. అక్కడ గడ్డి కోసే పని నాది. టిల్లీ ప్రతి పుట్టినరోజుకీ ఆ గది గుమ్మం రాయికి దాన్ని ఆనించి, నెత్తి దగ్గర ఉలితో ఒక గీత చెక్కేవాణ్ణి. మొదటి గీతకి నా భార్య డోర్కస్ చంకలు పట్టుకుని నిలబెట్టింది. తర్వాత్తర్వాత "మడమలు దించవే దొంగపిల్లా!" అంటే, "ఎత్తలేదు నాన్నా, నేనే పెరిగాను!" అనేది. తొమ్మిదో గీత గీసిన చలికాలమే మెదడువాపు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పిల్ల ప్రాణం పోయింది.

ముప్పై ఏళ్లుగా డోర్కస్ ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆ పై గీతను వేలితో తడిమి వస్తుంది.

మొన్న వసంతంలో పాత కట్టడాలు బాగుచేసేవాళ్లు వచ్చారు. వాళ్ల పెద్ద, మిస్ ఆల్డర్సన్, గుమ్మం దగ్గర ఆగింది.

"ఈ కాలం వాళ్లు గీకినవన్నీ సున్నంతో పూడ్చేస్తాం. ఇవి పాతవేనా, మిస్టర్ ప్రోసర్?"

"మా తాత పుట్టకముందు నుంచీ ఉన్నాయండీ," అనేశాను. జన్మలో అంత పెద్ద అబద్ధం ఆడలేదు.

గీతలు బతికాయి. నెల తిరక్కుండా పక్కన బోర్డు వెలిసింది: పూర్వం ఈ గదిలో ధాన్యం పోసేవారనీ, రాశి ఏ ఏడు ఎంత ఎత్తు వచ్చిందో ఇలా గీసుకునేవారనీ.

అది చదివి ఇంటికొచ్చిన డోర్కస్ టీ కప్పు నా ముందు ఠపీమని పెట్టింది.

"కన్నకూతుర్ని బార్లీ రాశిని చేశావు కదయ్యా!"

"నిజం చెబితే పూడ్చేస్తారే. పోనీ, ఇప్పుడు చెప్పెయ్యనా?"

ఆమె ఏడ్చింది. ఏడ్చి, "వద్దులే, ఉండనీ," అంది.

ఆ ఆదివారం ఇద్దరం వెళ్లాం. చూడ్డానికొచ్చినవాళ్ల పాప ఒకతి ఆ రాయికి వీపు ఆనించి, నెత్తిమీద చెయ్యి పెట్టి చూసుకుంటోంది. పై గీతకి ఇంకా వేలెడు తక్కువుంది.

పాప బోర్డు చదివి డోర్కస్ వైపు తిరిగింది.

"ఏటేటా పెరిగిందిగా మామ్మగారూ? మరి దీనిపైన గీతలు లేవేం?"

డోర్కస్ నా వైపు చూడలేదు. వంగి, పాప నుదుటి మీది జుట్టు సర్దింది.

"ఆ పై ఏడు పంట దక్కలేదు తల్లీ," అంది.