వంకాయ రంగు మరక

రమేష్ ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచి ఫోన్ చేతిలోంచి దించలేదు. చిల్కానగర్ గల్లీలో ఎవరు కనబడితే వాళ్ల ముఖం ముందు దాన్ని పెట్టి, "సూడన్నా, ఆక్సిడెంట్ నిల్. వరదల మునిగింది నిల్. పోలీస్ కేస్ నిల్. ఒక్కడే ఓనర్" అని చదివి మరీ వినిపించాడు. ఇంటి ముందు తెల్లకారు తళతళా మెరుస్తోంది. సెకండ్ హ్యాండ్ బండే. అయితేనేం, నాచారం ఫ్యాక్టరీలో మిషన్ల మోత విని విని విసిగిపోయి, ఉద్యోగం వదిలేసి, ఇక సొంత క్యాబ్ నడుపుకుంటానని కొన్న బండి. మొదటి బిడ్డ పుట్టినా ఆ ముఖం అంత వెలిగేది కాదేమో.

ఆ రిపోర్టు సంగతి కాస్త చెప్పుకోవాలి. బండి నంబరు కొడితే దాని పాత చరిత్రంతా ఫోన్‌లోకి వచ్చేస్తుంది. ప్రతి వరస పక్కనా ఒక ఆకుపచ్చ టిక్కు. మనవాళ్లకు ఆకుపచ్చ టిక్కు కనబడితే చాలు, సాక్షాత్తూ దేవుడే దిగివచ్చి పూచీ పడ్డంత నమ్మకం. నిజానికి పాపం ఆ రిపోర్టు అబద్ధమాడదు. ఎవరూ చెప్పనిది దానికి తెలియదు, అంతే.

పూజకు అన్నీ సిద్ధమయ్యాయి. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు పళ్లెంలో ఉన్నాయి. ఆ పళ్లెం రమేష్ తన అక్క సంతోషి చేతికి ఇచ్చాడు. తల్లి మల్లవ్వ ముఖం చిన్నబోయింది.

"పక్కింటి తారామణి ఉన్నది గదరా. ఆమెతోటి పెట్టిద్దాం" అంది గొంతు తగ్గించి.

"అక్క పెడ్తెనే బండెక్కుత. లేకుంటే ఈ బండే వద్దు నాకు" అన్నాడు రమేష్, గల్లీ అంతా వినబడేలా.

సంతోషికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడు పోయినప్పటి నుంచి ఏ శుభకార్యంలోనూ ఆమెను ఎవరూ ముందుకు పిలవలేదు. ఈ తమ్ముడొక్కడే పిలిచాడు. ఇలాంటి తమ్ముడు ఉన్నందుకు ఆ క్షణంలో ఆమె దేవుడికి మనసులోనే దండం పెట్టుకుంది.

మొగుడి పేరు సాంబయ్య. ఇళ్లకు రంగులు వేసేవాడు. కిందటి వానాకాలం నాచారం ఫ్యాక్టరీల రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తుంటే ఏదో కారు వెనక నుంచి గుద్ది, ఆగకుండా పోయింది. దవాఖానాకు చేరేలోపే ప్రాణం పోయింది. ఆ కారు ఏదో, నడిపింది ఎవరో ఈనాటికీ తెలియలేదు. సంతోషి ఠాణా చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసింది. ఆ గుద్దినవాడి ముఖం ఒక్కసారి చూడాలి. ఇంకేమీ అక్కర్లేదు ఆమెకు.

సైకిల్ హ్యాండిల్‌కు ఆ రోజు రంగు డబ్బా వేలాడుతోంది. పనిచేసిన చోటల్లా అడుగున మిగిలిన రంగులు తెచ్చి, ఎరుపులో నీలం, నీలంలో ఇంకేదో కలిపి, పెళ్లాం కోసం సాంబయ్య ఒక వంకాయ రంగు తయారు చేశాడు. ఏ కంపెనీ కార్డులోనూ ఉండదు అది. అందరూ కలిసి ఉండే ఈ ఇంటి తలుపు ఒక రెక్కకు వేశాడు. రెండో రెక్కకు చాలక అదే కొలతల్లో మళ్లీ కలుపుకుని వస్తుండగానే కారు కొట్టింది. రోడ్డంతా వంకాయ రంగు. తలుపు రెండో రెక్క ఇప్పటికీ బూడిద రంగు ప్రైమర్‌తోనే ఉంది. ఎవరు వేస్తామన్నా సంతోషి వేయనివ్వలేదు.

సంతోషి వంగి మూడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నాలుగోది చేయి జారి బండి కిందికి దొర్లింది. పమిట నడుములో దోపుకుని, నేల మీద చెంప ఆనించి, చేయి లోపలికి చాచింది. నిమ్మకాయ అందింది. దాని పైన, ముందు చక్రం వెనక, ఇనుప పట్టీ మీద చిమ్మినట్టుగా ఎండిపోయిన మరక కనబడింది.

వంకాయ రంగు.

గోటితో గీకింది. పెచ్చు ఊడి వచ్చింది. పైకి లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా పోయి, ఆ పెచ్చును తలుపు మీద ఆనించింది. రెండింటికీ వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడు అరిచింది సంతోషి. ఆ అరుపుకి తారామణి చేతిలోని కొబ్బరికాయ కిందపడి దానంతటదే పగిలింది.

"గిదే బండి! అవ్వా, గిదే బండి ఆయన్ను సంపింది!"

"ఏం మాట్లాడుతున్నవే అక్కా? రిపోర్టు సూడు" రమేష్ ఫోన్ ముందుకు చాచాడు. "ఆక్సిడెంట్ నిల్ అని ఉన్నది."

ఆమె ఆ ఫోన్‌ను చేత్తో కొట్టింది. అది ఎగిరి దుమ్ములో పడింది. "రంగు సూడు ముందుగాల! మీ బావ కలిపిన రంగు సూడు!"

రమేష్ వంగి చూశాడు. లేచేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత నెమ్మదిగా, "నువ్వు లోపటికి పోయి నీళ్లు తాగక్కా. నేను దయాకరన్నకు ఫోన్ జేస్త. అమ్మింది ఆయనే గద, అడుగుదాం" అన్నాడు. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర పాత కార్లు అమ్మించే ఏజెంటు ఆ దయాకర్.

తమ్ముడి మాట విని సంతోషి లోపలికి వెళ్లింది. మల్లవ్వ ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వచ్చినవాళ్లు కూడా మెల్లగా జారుకున్నారు. ఏడుపు కాస్త తెరిపి ఇచ్చాక, ఠాణాకు తానే ఫోన్ చేద్దామని లేచింది. అప్పుడే వాసన వచ్చింది. రంగు కరిగించే థిన్నర్ వాసన. సాంబయ్య ఒంటి మీద, బట్టల మీద, ఆఖరికి అన్నం కంచం మీద కూడా ఉండే వాసన అది. మొగుడి సామాను పెట్టిన మూలకు చూసింది. థిన్నర్ డబ్బా లేదు.

బయటికి ఉరికింది. కారు ముందు భాగం జాకీ మీద లేచి ఉంది. కింద నుంచి రమేష్ కాళ్లు కనబడుతున్నాయి. పక్కన సాంబయ్య థిన్నర్ డబ్బా మూత తీసి ఉంది. లోపల గుడ్డతో రుద్దుతున్న చప్పుడు.

తమ్ముడు తుడిచేస్తున్నాడు. బావ రంగును, బావ థిన్నర్‌తోనే.

ఆమె వాడి కాలు పట్టి లాగింది. వాడు తన్నాడు. చెప్పు మడమ తగిలి ఆమె పెదవి చిట్లింది. వెల్లకిలా పడింది. లేచేటప్పటికి నోరంతా ఉప్పగా ఉంది. నెత్తురు ఉమ్మేసి, ఒక పాదం తెచ్చి జాకీకి ఆనించింది.

"తుడుసుడు ఆపు" అంది. "ఆపకుంటే తంత. బండి నీ మీద పడ్తది. ఒట్టు, తంతరా రమేషా."

గుడ్డ చప్పుడు ఆగింది. మల్లవ్వ గుమ్మంలో గుండెలు బాదుకుంటోంది. సంతోషి పాదం వణకడం లేదు. అదే ఆమెను భయపెట్టింది. నిజంగానే తన్నగలదు తను.

"చెప్పు. నీకు ముందే ఎర్కనా?"

"లేదక్కా! బావ సంగతి నాకెర్కలేదు. అవ్వ మీదొట్టు!"

"ఇంకేం ఎర్క?"

బండి కింద నుంచి ఏడుపు గొంతు వచ్చింది. "బండి దేన్నో గుద్దిందని ఎర్క. బర్రెను గుద్దిందన్నడు దయాకరన్న. ముందు అద్దం, బానెట్ అన్నీ బయటి షెడ్డుల మార్పిచ్చిన్రట. ఇన్సూరెన్స్‌ల అడగలే, కేసు పెట్టలే, గందుకే రిపోర్టు క్లీన్‌గ ఉన్నది, నీకు అగ్గువకు దొరికిందనుకో అన్నడు. నేను గూడ ఏమడగలే."

అంటే పొద్దుటి నుంచి గల్లీ అంతా తిప్పి చూపించిన ఆ రిపోర్టు ఉత్తదని వాడికి తెలుసు. తెలిసే చూపించాడు.

"ఎందుకు తుడిసినవ్‌రా మరి?"

"ఠాణల పెడ్తే తుప్పు పట్టి పోతది అక్కా. పని గూడ ఇడిసిపెట్టిన. ఏం జేసినా బావ వాపస్ రాడు గద."

ఆ మాటకు ఆమె పాదం జాకీని నొక్కింది. బండి కిర్రుమంది. రమేష్ కెవ్వుమన్నాడు. మల్లవ్వ వచ్చి కూతురి నడుము పట్టుకుని వెనక్కి లాగింది. వాడు మోచేతుల మీద పాకుతూ బయటపడ్డాడు. చేతులు రెండూ మోచేతుల దాకా వంకాయ రంగు.

సంతోషి వంద నంబరుకు ఫోన్ చేసి, నెత్తురు మింగుతూనే ఇంటి గుర్తులన్నీ చెప్పింది. పెట్టేసేలోపు గల్లీ మొదట్లో మోటార్ సైకిల్ ఆగింది. దిగినవాడు దయాకర్. రమేష్ ఇందాక పిలిచాడుగా, పరుగున వచ్చాడు. రెండో తాళంచెవి జేబులోనే ఉంది.

"ఫికర్ జెయ్యకు తమ్మీ. గీ బండి నేను దీస్కపోత. రేపు దీనికంటే మంచిది దెచ్చి ఇస్త. గొడవే ఉండది" అంటూనే, జాకీ సంగతి కూడా చూసుకోకుండా డోర్ తీసి కూర్చున్నాడు.

సంతోషికి అర్థమైంది. ఈ బండి గల్లీ దాటితే ఇక ఈ జన్మలో కనబడదు. రంగూ ఉండదు, బండీ ఉండదు, ఆ ముఖమూ ఉండదు. అడ్డం నిలబడితే ఈడ్చి పారేస్తాడు. అందుకని నేల మీద పడుకుని, జాకీ పక్క నుంచి బండి కిందికి దూరి, మిగిలిన మరక మీద రెండు అరచేతులూ కప్పింది.

"తోలు ఇప్పుడు!" కింద నుంచి అరిచింది. "ఆయన మీద తోలినట్టే నా మీద తోలు!"

దయాకర్ నిజంగానే ఇంజన్ స్టార్ట్ చేశాడు. బెదిరిద్దామనో, అంత కంగారులో కింద మనిషి ఉన్నదే మరిచాడో వాడికే తెలియాలి. గేరు పడింది. పైకి లేచిన చక్రం గిర్రున తిరిగింది. జాకీ పక్కకు ఒరిగింది. బండి కింద నుంచి సంతోషి పాదాలు, వాటి మీద పొద్దున పూజ దగ్గర అంటుకున్న పసుపు, రమేష్ కళ్ల ముందు వణికాయి.

అప్పుడు వాడికి పిచ్చెక్కింది. పక్కన పడి ఉన్న జాకీ రాడ్ తీసుకుని డ్రైవర్ వైపు అద్దం మీద కొట్టాడు. అద్దం నుసినుసి అయింది. ఆ కంత లోంచే చేయి పెట్టి ఇంజన్ ఆపి, దయాకర్ గల్లా పట్టి గాజు పెంకుల మీదుగా, మూతి నేలకు కొట్టుకునేలా బయటికి ఈడ్చాడు. లేవబోతుంటే రాడ్‌తో మోకాలి మీద కొట్టాడు. టప్పుమని చప్పుడైంది. దయాకర్ డోర్ పట్టుకోబోయాడు. రమేష్ ఆ చేతి మీదే డోర్ వేశాడు. మళ్లీ తీసి, మళ్లీ వేశాడు.

"బర్రెనా? మా బావ బర్రెనారా? ఎవడు తోలిండు? పేరు చెప్పు!"

"ధీరజ్! ఈ బండి పాత ఓనర్! కాప్రా దిక్కు ఉంటడు!" దయాకర్ నోట్లోంచి నెత్తురుతో పాటు ఒక పన్ను రాలింది. "నాకు బర్రె అనే చెప్పిండు! నిన్న సాయంత్రం గూడ ఫోన్ జేసి, అడుగు భాగం బాగ కడిగిచ్చినవా అని అడిగిండు!"

సంతోషి బండి కింద పడుకునే ఆ పేరు విన్నది. ఎన్నాళ్లుగానో వెతికిన పేరు. మనసులోనే ఒకసారి అనుకుంది. ఏమీ చల్లబడలేదు లోపల, ఇంకా రగిలింది.

పోలీసు బండి వచ్చేదాకా ఆమె బయటికి రాలేదు. ఎస్సై వంగి, అరచేతులు తీయమని బతిమాలాక తీసింది. ఆయన టార్చి వేసి మరకను చూశాడు. రంగు గురించి, దయాకర్, ధీరజ్‌ల గురించి ఆమె చెప్పాక లేచి తలుపు రెక్కను చూశాడు. బండి పక్కన పడి ఉన్న రమేష్ ఫోన్ తీసి, ఆ ఆకుపచ్చ టిక్కులన్నీ పైనుంచి కిందిదాకా చదివాడు.

"ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నది. క్లెయిమ్ నిల్" అన్నాడు. "ముందు అద్దం, బానెట్ కొత్తవి. ఇన్సూరెన్స్ పెట్టుకోని జేబుల పైసలతోటి ఎవడు మార్పిస్తడు? దాసిపెట్టేటోడే. గీ నిల్ మీద గట్టిగ అడిగితే ఆ ధీరజే అన్నీ చెప్తడు." మళ్లీ వంగి వాసన చూశాడు. "సగం మరక ఇప్పుడే తుడిసిన్రు. తడి గూడ ఆరలే. ఎవరు తుడిసిన్రు? దయాకరా?"

గోడకు ఆనుకుని మూలుగుతున్న దయాకర్ తల అడ్డంగా ఊపాడు. ఎవరూ వాడి వైపు చూడలేదు. మల్లవ్వ కూతురి చేయి గట్టిగా నొక్కింది. ఆ నొక్కులో ఏముందో సంతోషికి తెలుసు. దయాకరే అనేస్తే సరిపోతుంది. రమేష్ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని అక్క వైపు చూస్తున్నాడు. పొద్దున పళ్లెం చేతికిచ్చిన తమ్ముడు. ఇప్పుడే ప్రాణం కాపాడిన తమ్ముడు. ఆమెకు వాడంటే చచ్చేంత ప్రేమ, ఇప్పటికీ.

చిట్లిన పెదవిని పమిటతో తుడుచుకుంది.

"మా తమ్ముడు, సార్" అంది. "చేతులు సూడున్రి."