పసుపుపచ్చ తువ్వాలు

పోచయ్య కారు అద్దాలు తుడిచి, చక్రాల మీద నీళ్ళు కొట్టి, వెనక ఎడమ తలుపు తీశాడు. సంచిలోంచి పసుపుపచ్చ తువ్వాలు తీసి ఎండకు కాగిన సీటు మీద పరిచాడు. తలుపు వేసి టీ తాగడానికి వెళ్ళాడు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, బటన్లన్నీ పెట్టుకున్న తెల్లచొక్కా. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల మీద సగం జీవితం స్టీరింగ్ వెనకే గడిచింది. ఎవరి కంటా పడలేదు, పడాలనీ అనుకోలేదు.

ఫిల్మ్‌నగర్ టీకొట్టులో టీవీ నెలరోజులుగా ఆ కేసునే నములుతోంది. పోచయ్య యజమాని శ్రీకృష్ణ సౌండ్ ఇంజనీరు. కూతురు చిన్నిని బడిలో దింపాల్సినవాడు, ఆమెను కారులోనే వదిలి డబ్బింగ్ థియేటర్‌లోకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి, మూసిన కారు వేడికి పాప పోయింది. మరిచాడా, కావాలనే వదిలాడా అన్నదే ఊరందరి పంచాయతీ.

"కన్నబిడ్డను ఎవడన్న మరుస్తడా?" అన్నాడొక క్యాబ్ డ్రైవరు. "నువ్వు గాడనే పనిచేస్తవ్ గదనే, జర చెప్పరాదు!"

పోచయ్య గ్లాసు పెట్టేసి లేచాడు. పాప పోయిన రోజు అతను సెలవులో ఉన్నాడు, కారు శ్రీకృష్ణే నడిపాడు.

ఇంటి గుమ్మంలో శ్రీకృష్ణ భార్య హిమజ సూట్‌కేసుతో నిలబడి ఉంది. మధురానగర్‌లోని పుట్టింటికి ప్రయాణం. ఆమె వెళ్ళిపోతే, భార్యే నమ్మలేదని టీవీవాళ్ళు తీర్పు చెప్పేస్తారు. పోచయ్య సూట్‌కేసు డిక్కీలో పెట్టాడు. ఆమె కుడివైపు నుంచి ఎక్కి కళ్ళు మూసుకుంది.

ఇదే దారి. పాప ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే ముందు సీట్లో శ్రీకృష్ణ, చెవిలో ఫోను. వెనక తువ్వాలు మీద చిన్ని, పోచయ్యతో "తాతా, ఇప్పుడు కాలట్లేదు!" అనేది. థియేటర్ రాగానే శ్రీకృష్ణ వెనక్కి చూడకుండా దిగిపోయేవాడు. అక్కడి నుంచి బడి దాకా కారంతా చిన్ని రాజ్యమే. ట్రాఫిక్ పోలీసుకు సెల్యూట్ కొట్టేది, ఆయన తిరిగి కొట్టేదాకా పోనిచ్చేది కాదు. ఎంత బాగుండేవో ఆ పొద్దుటి పూటలు!

"పోచయ్యా, నువ్వు చెప్పు. ఆయన కావాలనే చేశారా?" అంది హిమజ.

"లేదమ్మా. సారు రోజూ గట్లనే దిగుతుండె. పాపను చూసుకునేటోన్ని నేను. ఆ దినం గూడ నేనున్ననే అనుకున్నడు."

"కారు నడిపింది తనేగా! స్టీరింగ్ తన చేతిలో పెట్టుకుని, నువ్వున్నావని ఎలా అనుకుంటారు?"

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. చేతిసంచి పక్కన పెట్టబోతూ హిమజ ఆగిపోయింది.

"ఇదేంటి?"

పోచయ్య అద్దంలో చూశాడు. ఆమె చెయ్యి తువ్వాలు మీద ఉంది.

"నేనే పరిచినమ్మా. పొద్దుగాల... సీటు కాలుతదని."

"ఎవరికి?"

వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి.

"పాప లేదని నాకెరుకనే అమ్మా. పాడె ఎంబడి నడిచినోన్ని. చేతికే ఎరుకైతలేదు. రోజూ పరుస్తది." అతని కళ్ళనీళ్ళు చొక్కా మీద పడ్డాయి.

కారు మధురానగర్ చేరింది. హిమజ పుట్టింటి ముందు దిగి, సూట్‌కేసు అందుకుంది.

"ఆ ఇంట్లో నేనిక ఉండలేను, పోచయ్యా," అంది. కొంచెం ఆగి, "సాయంత్రం ఆయన్ని కూడా ఇక్కడికి తీసుకురా. ఒక్కరే ఉంటే తినరు," అని లోపలికి వెళ్ళిపోయింది.

పోచయ్య తువ్వాలు తీసి సంచిలో పెట్టుకుందామని వెనక తలుపు తెరిచాడు. పొద్దున తను హడావిడిగా పరిచిన తువ్వాలు, ఇప్పుడు ఒక్క ముడత కూడా లేకుండా, అంచులన్నీ చేత్తో సాపుచేసి ఉంది.